తమ్ముడికి ఆ కుంకుమ పెట్టొద్దమ్మా

పూజ అయ్యాక పిల్లాడి నుదుట బొట్టు పెట్టబోతుంటే వాళ్ళక్క చెయ్యి అడ్డం పెట్టింది. "తమ్ముడికి ఆ కుంకుమ పెట్టొద్దమ్మా. అందులో లెడ్ లేదని నీకెలా తెలుసు?" పదిహేనేళ్ళ పిల్ల. స్కూల్లో పర్యావరణం క్లబ్బులో చేరిన దగ్గర్నుంచి స్నానాలగదిలో ప్రతి సీసా వెనక చదువుతోంది. అంతవరకూ సంతోషమే. దేవుడి గూటి దాకా వచ్చేసరికి ప్రాణం చివుక్కుమంది. "మా అమ్మమ్మ కాలం నుంచి పెట్టుకుంటున్నాం, మాకేమైంది?" అనేశాను. "ఏమీ కాలేదని ఎవరు పరీక్ష చేశారు?" అని అడిగింది. గట్టిగా కూడా అనలేదు. నా దగ్గర జవాబు లేదు.

అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మన ఇళ్ళలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కాబట్టి, తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

అసలైన కుంకుమ పసుపే. పసుపులోని కుర్కుమిన్ సున్నం తగిలితే ఎర్రబడుతుంది. సింధూరం సంగతి వేరు. పాత పద్ధతిలో అది పాదరసపు ఖనిజం, లేదా ఎర్ర సీసం. మా అమ్మాయి లెడ్ అన్నది ఈ సీసాన్నే, విషలోహం. అంగట్లో మాత్రం రెండూ పక్కపక్కనే ఉంటాయి, రంగు చూసి పోల్చలేం. 2017లో రట్గర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు న్యూజెర్సీ దుకాణాల్లో కొన్న 95, ఇండియాలో కొన్న 23 సింధూరం నమూనాలు పరీక్షించారు. ఇక్కడివాటిలో 83 శాతంలో, అక్కడివాటిలో 78 శాతంలో గ్రాముకి కనీసం ఒక మైక్రోగ్రాము సీసం ఉంది. రంగుల్లో సీసానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన హద్దు గ్రాముకి 20 మైక్రోగ్రాములు. న్యూజెర్సీ నమూనాల్లో 19 శాతం, ఇండియావాటిలో 43 శాతం ఆ హద్దు దాటాయి. అంటే చాలా పొట్లాలు హద్దు లోపలే ఉన్నాయి. కానీ మన గూట్లో ఉన్న పొట్లం ఏ వైపుదో చూస్తే తెలియదు, వాసన చూస్తే తెలియదు.

పెద్దవాళ్ళు నిమ్మరసం పరీక్ష చెబుతారు. చుక్క వేస్తే పసుపు, సున్నం కలిపిన కుంకుమ మళ్ళీ పచ్చబడుతుంది. అది నిజమే. అయితే ఆ పరీక్ష చెప్పేది పసుపు ఉందని మాత్రమే, సీసం లేదని కాదు. పసుపుకే రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపే కల్తీ ఒకటుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే లెడ్ పరీక్ష పుల్లలు గోడ రంగుల కోసం చేసినవి, పొడి మీద వాటి ఫలితాన్ని నమ్మకూడదు. నమ్మదగిన దారి ప్రయోగశాలే. కౌంటీ ఆరోగ్య విభాగంలో లెడ్ వ్యవహారాలు చూసేవాళ్ళకి ఫోన్ చేసి, ఇంట్లో వస్తువుని పరీక్షిస్తారా అని అడగండి. అంతకంటే ముఖ్యమైనది పిల్లల రక్త పరీక్ష. పిల్లల డాక్టరుతో "మా ఇంట్లో కుంకుమ, కాటుక వాడతాం" అని నోరు తెరిచి చెప్పాలి. మనం చెప్పకపోతే వాళ్ళకి అడగాలని తోచకపోవచ్చు. రక్తంలో సీసం డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు, ఆపైన వస్తే పట్టించుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 నుంచి చెబుతోంది. వేలి చుక్కతో చేసిన పరీక్షలో ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి. వేలికి అంటిన దుమ్ము వల్ల కూడా అలా రావచ్చు. చేతి రక్తనాళం నుంచి తీసిన రక్తంతో మళ్ళీ చూస్తారు.

నుదుటి చర్మంలోంచి సీసం లోపలికి పోయేది చాలా తక్కువ. ప్రమాదం చేతులతో వస్తుంది. బొట్టు రాలుతుంది, పిల్లాడు రుద్దుకుంటాడు, అదే చేత్తో అన్నం తింటాడు. పసిపిల్లలు మింగిన సీసాన్ని పెద్దవాళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఒంట్లోకి తీసుకుంటారు. అందుకే పూజ తర్వాత సబ్బు, నీళ్ళతో చేతులు కడిగించాలి. శానిటైజర్ సీసాన్ని తొలగించదు. కింద రాలిన కుంకుమని చీపురుతో ఊడిస్తే లేచి అంతటా పడుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని పారేయాలి.

కాటుక సంగతి రాయాలంటే చెయ్యి ఆగుతోంది. కోల్, కాజల్, సుర్మా పేర్లతో వచ్చే సంప్రదాయ కాటుకల్ని ఎఫ్‌డీఏ రంగుగా అసలు ఒప్పుకోదు. వాటిలో కొన్ని నేరుగా లెడ్ సల్ఫైడ్ నూరి చేసినవి, సగానికి పైగా సీసమే. ఇంట్లో ఆముదం దీపం మసితో చేసిన దాంట్లో సీసం లేకపోవచ్చు. కానీ మసి మసే. వేలితో పసికందు కంట్లో పెడితే సూక్ష్మజీవులు కూడా వెళతాయి. పిల్లలిద్దరికీ పసితనంలో బుగ్గన దిష్టి చుక్క పెట్టాను, అరికాలిలో పెట్టాను. ఆ వయసులో కాలు నోట్లో పెట్టుకోని బిడ్డ ఉండదు. డబ్బా మీద "హెర్బల్" అని ఉంది, అది చాలనుకున్నాను. ఇప్పుడు ఆ ఫొటోలు చూస్తే మొదట కనబడేది ఆ చుక్కే. పిల్లలకి కాదు గానీ పెద్దవాళ్ళకి కాటుక కావాలంటే, పదార్థాల జాబితాలో "ఐరన్ ఆక్సైడ్స్" అని స్పష్టంగా రాసి ఉన్న పెన్సిల్ కొనుక్కోవచ్చు. జాబితా లేని డబ్బా మీద "లెడ్ ఫ్రీ" అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా అది రుజువు కాదు.

పిల్లల వైపు కూడా చెప్పుకోవాల్సింది ఉంది. కాలిఫోర్నియాలో సాలినాస్ ప్రాంతపు హైస్కూల్ పిల్లలు బర్కిలీ పరిశోధకులతో కలిసి ఒక అధ్యయనం నడిపారు, 2016లో అచ్చయింది. వంద మంది టీనేజ్ అమ్మాయిలు మూడు రోజుల పాటు థాలేట్లు, పారాబెన్లు, ట్రైక్లోసాన్, ఆక్సిబెంజోన్ (హార్మోన్లని తారుమారు చేస్తాయని అనుమానమున్న రసాయనాలు) లేవని చీటీలో, అంటే లేబుల్ మీద ఉన్న షాంపూలు, క్రీములే వాడారు. మూత్రంలో మిథైల్, ప్రొపైల్ పారాబెన్లు 44, 45 శాతం పడిపోయాయి. సువాసనల్లో వాడే డైఇథైల్ థాలేట్ ఆనవాలు 27 శాతం తగ్గింది. మూడే రోజుల్లో! ఆశ్చర్యం ఏమిటంటే అదే అధ్యయనంలో మరో రెండు పారాబెన్లు పెరిగాయి. మొత్తం మోతాదు తక్కువే, అయినా పెరిగాయి. చీటీ చూసి ఎంచినా అన్నీ చేతిలో ఉండవు. ఆ ఫలితాన్ని కూడా వాళ్ళు దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మా అమ్మాయి దగ్గర చీటీ చదవడం నేర్చుకున్నాను. పదార్థాలు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకి వరసగా రాస్తారు, కానీ ఒక శాతం లోపు ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాయొచ్చు. "ఫ్రాగ్రెన్స్" అన్న ఒక్క మాట వెనక పదుల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు, వ్యాపార రహస్యం కింద అవి చీటీ మీదకి రానక్కర్లేదు. "అన్‌సెంటెడ్" అంటే వాసన తెలియకుండా మరో వాసన కలిపినది కావచ్చు, వెతకాల్సింది "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ". ఎఫ్‌డీఏ ముందుగా అనుమతిచ్చేది రంగులకే, మిగతా పదార్థాలు సంస్థ పూచీ మీద వస్తాయి. 2022 చివర వచ్చిన సౌందర్య సాధనాల చట్టం మోక్రాతో తీవ్రమైన దుష్ఫలితాల గురించి సంస్థలు ఎఫ్‌డీఏకి చెప్పి తీరాలి, ప్రమాదకరమైన సరుకుని వెనక్కి రప్పించే అధికారం కూడా ఎఫ్‌డీఏకి వచ్చింది. కాలిఫోర్నియా 24 పదార్థాల్ని 2025 జనవరి 1 నుంచి నిషేధించింది, పాదరసం, ఫార్మాల్డిహైడ్ అందులో ఉన్నాయి.

పిల్లలు పొరబడేది "సహజం", "పారాబెన్ లేదు" అన్న మాటల దగ్గర. పారాబెన్లంటే భయపడి చాలా సంస్థలు, సరుకు పాడవకుండా ఉంచడానికి వాటి బదులు మిథైల్ ఐసోథయాజోలినోన్‌కి మారాయి. దానితో దద్దుర్లు ఎంతగా పెరిగాయంటే 2013లో అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. ఇంట్లో చేసుకునే కలబంద, రోజ్‌వాటర్ క్రీముల్లో నీళ్ళుంటాయి. నిల్వ పదార్థం లేకుండా నీళ్ళున్న ఏ క్రీమైనా కొద్దిరోజుల్లో సూక్ష్మజీవులకి పుట్టిల్లు అవుతుంది, బూజు కంటికి కనబడే సరికే ఆలస్యం. చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో అవగొట్టాలి, లేదంటే నీళ్ళు లేని నూనె, మైనం మిశ్రమాలే చేసుకోవాలి. బేకింగ్ సోడా డియోడరెంటు చంకల్ని మండిస్తుంది, చర్మం కొద్దిగా ఆమ్లం, సోడా క్షారం. నిమ్మతొక్క నూనె రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలు, నల్లమచ్చలు. సన్‌స్క్రీన్ మాత్రం ఇంట్లో ఎన్నటికీ చేయొద్దు. జింక్ పొడిని చేత్తో కలిపితే ఉండలు కడుతుంది, ఉండల మధ్య చర్మం కాలుతుంది. కొన్న జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ మన ఛాయ మీద బూడిద పూసినట్టు ఉంటుందని పిల్లలు మానేస్తారు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతరంగు రకం ఇస్తే రాసుకుంటారు.

గోరింటాకు కోనుల దగ్గర మా ఇద్దరికీ వాదన లేదు. గంటలో నల్లగా పండేది గోరింటాకు కాదు. నిజమైన ఆకు మొదట నారింజ రంగులో పండి, ఒకటి రెండు రోజులకి ముదురుతుంది. నల్ల కోనుల్లో తరచుగా జుట్టురంగులో వాడే పీపీడీ అనే రసాయనం ఉంటుంది. దానికి ఒకసారి ఒళ్ళు ఎదురు తిరిగిందంటే పెద్దయ్యాక జుట్టుకి రంగు వేసుకున్నా ముఖం వాచిపోవచ్చు.

మారదామనుకోగానే అన్నీ చెత్తబుట్టలో పారేయడం ఇంకో తప్పు. సగం షాంపూని వాడి ముగించి, తర్వాత మార్చుకుంటే చాలు. ప్లాస్టిక్ తగ్గుతుందని షాంపూ బిళ్ళలు కొనేటప్పుడు అది సబ్బో కాదో చూడాలి. సబ్బుతో చేసినదైతే హార్డ్ వాటర్ వచ్చే ఊళ్ళలో జుట్టు జిడ్డుగా, మైనం పట్టినట్టు అవుతుంది, పిల్లలు వారంలో వదిలేస్తారు. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ (సబ్బు కాని నురగ పదార్థం) ముందు వరసలో ఉన్న బిళ్ళలతో ఆ ఇబ్బంది లేదు. పాత సీసాల పంపుల్లో లోహపు స్ప్రింగు ఉంటుంది, విడదీయకుండా రీసైకిల్ డబ్బాలో వేయకూడదు. సున్నిపిండి నలుగు పెట్టుకుంటే నీళ్ళు పోయే తూము మీద జాలీ పెట్టండి, నూనె, పిండి కలిసి పైపులో గట్టిపడతాయి.

షాంపూ చర్చలో మా అమ్మాయి చెప్పిన ఒక్క మాటతో నాకు నిద్ర పట్టలేదు. థాలేట్లు, పారాబెన్లు ఒంట్లోంచి ఒకటి రెండు రోజుల్లో పోతాయి. మానేస్తే తగ్గుతాయి, ఆ మూడు రోజుల అధ్యయనం చూపించిందీ అదే. సీసం అలా పోదు. ఎముకల్లో చేరి దశాబ్దాలు ఉంటుంది, ఆడపిల్ల కడుపుతో ఉన్నప్పుడు ఎముకల్లోంచి మళ్ళీ రక్తంలోకి వస్తుంది. అంగడి షాంపూని ఇన్నాళ్ళూ అనుమానించాను. నా చేత్తో ప్రేమగా పెట్టినదాన్ని ఒక్కసారీ అనుమానించలేదు.

ఇప్పుడు ఇంట్లోనే చేస్తున్నాను. నమ్మకమున్న పసుపు కొమ్ములు దంచి, పావు కప్పు పొడికి చిటికెడు తాంబూలం సున్నంతో మొదలుపెట్టి, నాలుగు చుక్కల నీళ్ళతో రుద్ది, నీడలో ఆరబెట్టడమే. రంగు రాలేదని సున్నం పెంచితే చర్మం కాలుతుంది, నారింజ రంగుతో సరిపెట్టుకోవాలి. ముందు మోచేతి మడతలో పెట్టి ఒక రోజు చూడాలి. చెమటకి సాయంత్రానికి పచ్చబడొచ్చు కూడా. స్టిక్కర్ బొట్టు సులువు కదా అంటారు. ఆ జిగురుల్లో కొన్నిటిలో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది, ఏళ్ళ తరబడి ఒకేచోట పెట్టుకున్నవాళ్ళకి అక్కడ తెల్లమచ్చ రావచ్చు. దురద మొదలవగానే మానేయాలి.

ఇంత రాసీ అమ్మ గుడి నుంచి పంపిన కుంకుమ పొట్లాలు ఇంకా పై అరలో ఉన్నాయి. మూతి బిగించిన సంచిలో వేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కౌంటీ కేంద్రానికి ఇవ్వాలని పిల్లకి నేనే చెప్పాను. సింకులో పోయొద్దు, పెరట్లో వేయొద్దు. మన పద్ధతి ప్రకారం ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో వేయాలి, కానీ మా చెట్టు మొదట్లో పుదీనా ఉంది. దేవుడి పేరున్న పొట్లాన్ని పెయింటు డబ్బాల పక్కన పెట్టడానికి కాళ్ళు రావడం లేదు. వీడియోలో అమ్మ "బొట్టేదే?" అంటే రెండుసార్లు ఆ పొట్లమే తీసి పెట్టుకున్నాను. పిల్ల చూసింది, ఏమీ అనలేదు.

వేసవిలో అమ్మ వస్తోంది, కొత్త పొట్లం తెస్తుంది. మనవడి నుదుట తన చేత్తో పెడతానంటే నేను అడ్డుపడగలనో లేదో తెలియదు. అమ్మమ్మకి తనే చెబుతానంటోంది పిల్ల. లెడ్‌ని తెలుగులో ఏమంటారని నిన్న రాత్రి అడిగింది. సీసం అన్నాను. కాగితం మీద రాసిమ్మంది.