ఓక్లండ్ వీధి మూలన డొరొథియా లాంగ్

డొరొథియా లాంగ్ పేరు తెలియనివాళ్ళకు కూడా ఆమె తీసిన ఒక ఫొటో ఎక్కడో కంటబడే ఉంటుంది: చెంపకు చెయ్యి ఆనించి దూరంగా చూస్తున్న తల్లి, ఆమె భుజాల మీద వాలి మొహాలు అటు తిప్పుకున్న ఇద్దరు పిల్లలు, ఒడిలో పసిబిడ్డ. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠానీ పంట దెబ్బతిని పనుల్లేక నిలిచిపోయిన కూలీల గుడారాల్లో తీసిన ఫొటో అది. గుంపు మేస్త్రీ వెంట కుటుంబాలు మూటాముల్లెతో లారీ ఎక్కడం పాలమూరులో చిన్నప్పటి నుంచీ చూసిన నాకు ఆ గుడారం కొత్తగా అనిపించలేదు. అయితే ఏళ్ళ తరబడి ఇక్కడ కాలిఫోర్నియాలో వీసా మీద పనిచేశాక, నేను మళ్ళీ మళ్ళీ తీసి చూసేది 1942లో ఆమె ఓక్లండ్‌లో తీసిన ఒక కిరాణా కొట్టు ఫొటో. ఆ మూల మా ఆఫీసు నుంచి నడిచి వెళ్ళేంత దూరమే.

లాంగ్ 1895లో న్యూజెర్సీలోని హొబోకెన్‌లో, జర్మన్ సంతతి కుటుంబంలో పుట్టింది. ఏడేళ్ళ వయసులో పోలియో సోకి కుడికాలు జీవితాంతం కుంటిదైంది. 1918లో స్నేహితురాలితో కలిసి ప్రపంచయాత్రకు బయలుదేరి, శాన్‌ఫ్రాన్సిస్కో చేరేసరికి డబ్బు దొంగలపాలు కావడంతో, ఫొటోలు కడిగిచ్చే కౌంటరులో పనికి కుదిరి ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. (పరాయి ఊళ్ళో స్థిరపడినవాళ్ళలో ఎంతమంది ప్రణాళిక ప్రకారం స్థిరపడ్డారో అడిగితే తెలుస్తుంది.) త్వరలోనే సొంత స్టూడియో పెట్టి, డబ్బున్నవాళ్ళ చిత్రాలు తీసి పేరు తెచ్చుకుంది. 1930ల ఆర్థిక మాంద్యం వచ్చాక స్టూడియో కిటికీలోంచి నిరుద్యోగులను చూసి, కెమెరాతో వీధిలోకి దిగింది.

ఆ తరువాత బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్ర ఆచార్యుడు పాల్ టేలర్‌తో కలిసి, 1935లో ఆయన్ను పెళ్ళాడి, ప్రభుత్వం తరఫున వలస కూలీల మధ్య తిరిగింది. ఆమె పనితీరులో నాకు అన్నిటికన్నా నచ్చేది తొందరపడకపోవడం. పొలం గట్టున ఎవరినైనా తాగడానికి నీళ్ళడిగి, ఆ నీళ్ళు తాగడానికి బోలెడంత సమయం తీసుకునేదట. ఈలోగా అవతలివాళ్ళకు ఆమె అలవాటయ్యేది. ఎక్కడి నుంచి వచ్చారు, కూలి ఎంత గిట్టుతోంది అన్నవి వాళ్ళ మాటల్లోనే రాసుకుని ఫొటో కిందికి ఎక్కించేది. విచిత్రమేమిటంటే, నిపోమోలో మాత్రం ఆ తల్లి పేరు అడగలేదు. ఆమె చెరోకీ జాతికి చెందిన ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అప్పటికి లాంగ్ చనిపోయి పదమూడేళ్ళు.

1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఆదేశంతో పశ్చిమ తీరంలోని జపనీయ సంతతివారిని దాదాపు 1,20,000 మందిని శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది ఈ దేశంలో పుట్టిన పౌరులే. ఆ తరలింపును చిత్రించే ఉద్యోగం ప్రభుత్వం లాంగ్‌కు ఇచ్చింది. ఆమెకు ఆ విధానమే తప్పనిపించింది, అయినా ఉద్యోగం ఒప్పుకుంది. నేను చెప్పిన కిరాణా కొట్టు ఎనిమిదో వీధి, ఫ్రాంక్లిన్ వీధి కలిసేచోట ఉండేది. 1941 డిసెంబరులో అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన మర్నాడే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివిన ఆ కొట్టు యజమాని అద్దాల మీదుగా ‘నేను అమెరికన్‌ని’ అని పెద్ద అక్షరాల బోర్డు కట్టించాడు. మార్చిలో లాంగ్ ఫొటో తీసేనాటికి ఆ బోర్డుకు పైన ‘అమ్ముడుపోయింది’ అన్న మరో బోర్డు కూడా వేలాడుతోంది. ఫ్రేములో మనుషులు లేరు, కన్నీళ్ళు లేవు. నిపోమో తల్లి కన్నా ఈ ఫొటోయే గొప్పదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ జాలిపడడానికి ఎవరూ దొరకరు, చదవడానికి రెండు బోర్డులు మాత్రం దొరుకుతాయి.

ఉద్యోగం పోతే అరవై రోజుల్లో కొత్త కంపెనీ వెతుక్కోవాలి, లేదా సర్దుకోవాలి అన్న నిబంధన కింద బతికే మాకు కాగితాల మీద నమ్మకం ఎక్కువ. గ్రీన్‌కార్డు వస్తే చాలు, పౌరసత్వం వస్తే ఇక ఫరవాలేదు అని భోజనాల దగ్గర లెక్కలు వేసుకుంటాం. మా ఇబ్బందిని వాళ్ళ కష్టంతో పోల్చడం అన్యాయం. మేము కోరి వచ్చాం, వాళ్ళను సైనికులు తీసుకెళ్ళారు. కానీ మేము ఆఖరి మెట్టు అనుకునేది ఆ కొట్టు యజమానికి పుట్టుకతోనే ఉంది.

శిబిరాల్లో ముళ్ళతీగను, కాపలా బురుజులను, ఆయుధాలు పట్టిన సైనికులను తియ్యకూడదని లాంగ్‌కు ఆంక్షలు పెట్టారు. దాంతో ఆమె తీయగలిగినవే తీసింది: హేవర్డ్‌లో బస్సు కోసం నిలబడ్డ పిల్లల కోట్లకు కట్టిన కుటుంబ సంఖ్యల చీటీలు, మూటల వరసలు. సైన్యం యుద్ధకాలమంతా ఆ ఫొటోల్లో చాలావాటిని బయటికి రానివ్వలేదు, కొన్ని ప్రింట్ల మీద ‘జప్తు’ అని కూడా రాశారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్ల పరిహారం ప్రకటించింది 1988లో. ఇప్పుడు ఆ ఫొటోలు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్‌లో) ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. చూసేవాళ్ళు కింద ఉన్న వివరాలు కూడా చదవాలి, లాంగ్ సగం పని వాటిలోనే ఉంది.