టక్ మన్న చప్పుడు

"ఇది విను" అంటూ బావ, విప్పిన పిస్టల్ బారెల్‌ను ఫోన్ దగ్గరికి తెచ్చి, మందు లేని డమ్మీ తూటాను అందులోకి జారవిడిచాడు. టక్. వేలితో తిప్పితే సులువుగా తిరిగింది. బోర్లిస్తే జారి అరచేతిలో పడింది.

పొద్దున్నే ఎంవీపీ కాలనీలో మేడ మీద కాఫీతో నేను. టెక్సస్‌లో రాత్రి, వెనకాల అక్క గిన్నెలు సర్దుతోంది. బావ తన తూటాలు తనే తయారు చేసుకుంటాడు; అవి బారెల్‌లో సరిగ్గా కూర్చుంటాయో లేదో చూడటానికే ఈ డమ్మీ.

9 ఎంఎం తూటా పొడవు 29.69 మిల్లీమీటర్లు దాటకూడదట. ఆ లోపే ఉన్నా, బుల్లెట్ (అంటే తూటా కొసన ఉండి బయటికి దూసుకెళ్లే ముక్క) ముక్కు లావైతే బారెల్ లోపలి గాడులకు ముందే తగులుతుంది. అలాగని బుల్లెట్‌ను తూటా గొట్టంలోకి మరీ లోపలికి దించితే, మందు ఉండే చోటు తగ్గి పేలినప్పుడు ప్రెషర్ పెరిగిపోతుంది. అది వినగానే నాకు టెన్షన్ మొదలైంది.

ఇంకో బుల్లెట్ రకంతో చేసిన డమ్మీ తిరగలేదు, పట్టేసింది.

"ఈ కొలత దీనికి పనికిరాదు" అని పక్కన పెట్టేశాడు. అప్పుడు గానీ కాఫీ గుర్తు రాలేదు.