కొత్త అక్వేరియం: నీళ్లు తేటగా ఉన్నా చేపలెందుకు చస్తాయి?

తొట్టి కొన్న రోజే చేపల్నీ తెచ్చి వేసేస్తారు చాలామంది. నీళ్లు అద్దంలా ఉంటాయి, ఫిల్టర్ చక్కగా తిరుగుతుంటుంది. నాలుగైదు రోజులకు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. వారం, పది రోజులయ్యేసరికి ఒక్కొక్కటే పోతాయి. చేపలు మంచివి కావనో, మేత పడలేదనో అనుకుంటారు. కొత్త తొట్టిలో చాలాసార్లు అసలు కారణం అమోనియా. దానికి రంగు లేదు. చేపల్ని చంపేంత ఉన్నా మన ముక్కుకు తెలియదు.

చేప మొప్పల్లోంచి అమోనియా ఎప్పుడూ బయటికి వస్తూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా వచ్చేది అదే. చెరువంత నీళ్లుంటే పలచబడిపోయేది, 40 లీటర్ల తొట్టిలో ఎక్కడికి పోతుంది? దాన్ని ఖర్చు చేసే బ్యాక్టీరియా ఉండాలి. ఒక రకం అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, అది రక్తాన్ని ఆక్సిజన్ మోయనివ్వదు. నైట్రేట్ మాత్రం 20 పీపీఎం (లీటరుకు 20 మిల్లీగ్రాములు) లోపు ఉంటే మామూలు చేపలకు ఇబ్బంది ఉండదు. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఫిల్టర్ స్పాంజిలో, అడుగున గులకరాళ్ల మీద. నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. కొత్త తొట్టిలో అది సరిపడా పెరగాలంటే 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ఆ వారాలు చేపలు లేకుండా గడపడమే మంచిది. సబ్బు, సెంటు కలవని అమోనియా ద్రావణాన్ని కొద్దికొద్దిగా వేస్తూ టెస్ట్ కిట్‌లో 2 పీపీఎం చూపించేదాకా తీసుకురండి. ఫిల్టర్ రాత్రీపగలూ నడవాలి. రెండు రోజులకోసారి పరీక్షించండి. మొదట అమోనియా దిగి నైట్రైట్ ఎక్కుతుంది. చాలామందికి ఓపిక పోయేది ఇక్కడే, ఎందుకంటే నైట్రైట్ దిగడానికి ఎక్కువ రోజులు పడుతుంది. అమోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా మళ్లీ కాస్త వేస్తుండాలి, లేకపోతే బ్యాక్టీరియాకు తిండి ఉండదు. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్టు. అప్పటికి నైట్రేట్ బాగా పేరుకుని ఉంటుంది కాబట్టి సగానికి పైగా నీళ్లు మార్చి చేపల్ని వేయండి. తెలిసినవాళ్ల తొట్టిలో జబ్బులేవీ లేకపోతే, వాళ్ల ఫిల్టర్‌లోని పాత స్పాంజి ముక్క తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. ఈ గడువు చాలా తగ్గుతుంది. దారిలో అది ఎండిపోకుండా చూసుకోవాలి.

మధ్యలో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడవచ్చు. అది వేరే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల, కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది. కంగారుపడి తొట్టి మొత్తం కడిగేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే బకెట్లో ఒక రోజు నిలవ ఉంచితే పోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసిన మందు) కలిపిన నీళ్లకు ఆ ఉపాయం పనిచేయదు, డీక్లోరినేటర్ అనే క్లోరిన్ విరుగుడు మందు వేయాల్సిందే. మీ నీళ్లలో ఏది ఉందో తెలియకపోతే ప్రతిసారీ వేయండి.

చేపలొచ్చాక వారానికి పాతిక శాతం, అంటే 40 లీటర్ల తొట్టికి 10 లీటర్లు మార్చండి. సైఫన్ గొట్టం మూతి గులకరాళ్లలోకి గుచ్చితే మడ్డి పైకి లేచి గొట్టంలోకి పోవడం కనిపిస్తుంది. కొత్త నీళ్ల వేడి తొట్టి నీళ్లకు ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే ఉండాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతకడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు, ఆరు వారాల కష్టం ఆ ఒక్క కడుగుడుతో పోవచ్చు. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ముంచి రెండు మూడుసార్లు పిండండి. టీ రంగు నీళ్లు కారుతాయి. నీళ్లు ధారాళంగా పారేంత శుభ్రపడితే చాలు, స్పాంజి గోధుమ రంగులోనే ఉండనివ్వండి.

మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. ఇంత చిన్న తొట్టికి నియాన్ టెట్రాల్లాంటి చిన్నవి ఆరేడు సరిపోతాయి. గోల్డ్‌ఫిష్ మాత్రం వద్దు, దానికి ఈ తొట్టి ఏ రకంగానూ చాలదు.

ఆవిరైన మేర నీళ్లు పోయడాన్ని నీళ్లు మార్చడం అనుకుంటారు కొందరు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, నైట్రేటూ ఉప్పులూ తొట్టిలోనే మిగులుతాయి. పైగా అమోనియాను మార్చే పనిలో ఆమ్లం పుడుతుంది. నీళ్లలో దాన్ని అడ్డుకునే కార్బొనేట్లు నెలల తరబడి ఖర్చయిపోయి పీహెచ్ (నీళ్ల ఆమ్లత కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 6 దాకా పడిపోతుంది. అక్కడ బ్యాక్టీరియా మందగించి అమోనియా పేరుకుంటుంది. అయినా చేపలు బతికే ఉంటాయి, ఎందుకంటే తక్కువ పీహెచ్‌లో అది దాదాపుగా అమోనియం రూపంలోనే ఉంటుంది, దాని విషం తక్కువ. ఒక మంచిరోజు చూసి సగం నీళ్లు మారుస్తారు. పీహెచ్ ఒక్కసారిగా లేస్తుంది, అమోనియంలో కొంత అమోనియాగా మారుతుంది, సాయంత్రానికి చేపలు తేలతాయి. నీళ్లు మార్చినందుకే చచ్చాయని ఆ తర్వాత మార్చడమే మానేస్తారు. అలా వదిలేసిన తొట్టి మీ చేతికొస్తే ముందు పీహెచ్, అమోనియా రెండూ చూడండి. రోజుకు 10 శాతం చొప్పున మార్చుకుంటూ, మేత సగానికి తగ్గించి, తొట్టి పీహెచ్ కొత్త నీళ్ల పీహెచ్‌కు దగ్గరయ్యాకే వారానికి పాతిక శాతం లెక్కకు రండి.