ట్యాంకర్ వెనక బోర్డులో ఏముంది?

రేణిగుంట రోడ్డులోనో, చిత్తూరు బైపాస్‌లోనో కెమికల్ ట్యాంకర్ కనబడితే బోర్డు చూడండి. అది రెండు పక్కలా, వెనకా ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతాయి. అందులో సరుకేదో చెప్పే నాలుగంకెల యూఎన్ (ఐక్యరాజ్యసమితి) నంబరే కీలకం: 1203 పెట్రోలు, 1075 ఎల్పీజీ, 1830 గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్.

ప్రమాదకర సరుకులు మొత్తం 9 తరగతులు. పెట్రోలు 3, యాసిడ్ 8. ఇవి సులువే. తడబడేది క్లోరిన్ (1017) దగ్గర. గ్యాసే కదా అని 2 రాసి వదిలేస్తే చాలదు. అది 2.3, అంటే విషవాయువు. పైగా మంటను ఎగదోస్తుంది (5.1), లోహాన్నీ చర్మాన్నీ తినేస్తుంది (8). ఆ లేబుళ్లూ అంటించాలి. గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి లీకైతే పల్లానికి పాకుతుంది. గాలి వచ్చే దిక్కుకి, మిట్టకి పోవాలి.

పెట్రోలు బోర్డు మీద 3వైఈ అని ఉంటుంది. ఇది తరగతి కాదు, ప్రమాదంలో ఏం చేయాలో ఫైర్ సిబ్బందికి చెప్పే కోడ్. 3 అంటే నురుగు వాడాలి. వై అంటే శ్వాస పరికరం పెట్టుకోవాలి, కారినది కాలవలోకి పోకుండా కట్టడి చేయాలి. ఈ అంటే జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి. నీళ్లు కొడితే పెట్రోలు పైకి తేలి మంటే పాకుతుంది.

దించేశాక "ఖాళీ బండే కదా" అని బోర్డు తీసేస్తారు కొందరు. శుభ్రం చేసి ఆవిరి పోగొట్టేదాకా అది 1203 బండే. లోపలి ఆవిరికి గాలి కలిస్తే నిప్పురవ్వ చాలు. సరుకు మార్చి పాత నంబరు ఉంచేయడం ఇంకా ఘోరం, ఎందుకంటే నురుగా నీళ్లా అని ఫైర్ సిబ్బంది తేల్చుకునేది దాన్ని చూసే.