తృణీకరించడం అంటే ఏంటమ్మా?

డల్లాస్ వచ్చి పదకొండేళ్లయినా మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన మానలేదు. పిల్లలతో సహా వరసగా అందరం చేస్తాం. మొన్న ఒక రాత్రి మా తొమ్మిదేళ్ల బాబు తనకొచ్చిన తెలుగులో ఇలా అన్నాడు: "ప్రభువా, మమ్మల్ని పక్కింటి వాళ్లలాగా చేయనందుకు థాంక్యూ. వాళ్లు చర్చికి వెళ్లరు. వాళ్ల డాడీ ఇంట్లో ఉండరు. ఆమెన్."

మా ఆయన కళ్లు తెరిచి నావైపు చూశారు. ఎందుకంటే అవి నా మాటలు. వంటింట్లో నిలబడి ఫోన్లో మా అక్కతో అన్నవి. పరాయి దేశంలో పిల్లలు చేజారిపోతారేమోనని నాకు ఎప్పుడూ టెన్షనే. స్లీపోవర్‌కి వెళ్తానన్నా, ఆదివారం సాకర్ అన్నా "మనం వాళ్లలా కాదు" అనేదాన్ని. ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పడం కంటే ఆ మాట అనేయడం తేలిక.

మర్నాడు బైబిల్లో లూకా సువార్త 18వ అధ్యాయం తీశాను. పాప ఇంగ్లీషులో చదివింది, నేను తెలుగులో. పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రం నిష్ఠగా పాటించే యూదుడు, సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, ఇద్దరూ ప్రార్థనకి దేవాలయానికి వెళ్లిన ఉపమానం. నేను ఇతరుల్లాగా, ఈ సుంకరిలాగా లేనందుకు వందనాలు, అంటాడు పరిసయ్యుడు. దేవా, పాపినైన నన్ను కరుణించు, అంటాడు సుంకరి. మొదటి వచనంలోనే బాబు ఆపాడు. "తృణీకరించడం అంటే ఏంటమ్మా?"

తృణం అంటే గడ్డిపోచ నాన్నా, ఎదుటి మనిషిని గడ్డిపోచ కింద లెక్కకట్టడం, అని చెప్పాను. పాప వెంటనే, "అయితే నిన్న తమ్ముడు చేసింది ఆ పరిసయ్యుడి ప్రార్థనే కదా!" అంది. తమ్ముడిది కాదమ్మా, నాది, అన్నాను. మా అమ్మానాన్నలు మా ముందు తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఆ మాట కష్టంగానే వచ్చింది.

ఆ పరిసయ్యుడు అబద్ధం ఆడలేదు. వారానికి రెండు ఉపవాసాలు, రాబడిలో దశమభాగం, అన్నీ నిజంగా చేసినవే. నన్ను భయపెట్టేది అదే. మేమూ ఉపవాస ప్రార్థనకి వెళ్తాం, దశమభాగం ఇస్తాం. అతను తన భక్తిని దేవుడి ముందు పెట్టి ఊరుకోలేదు, వెనక నిలబడ్డ మనిషితో పోల్చి చూసుకున్నాడు.

అప్పుడు పిల్లలకి మా నాయనమ్మ చెప్పిన సంగతి చెప్పాను. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు పనులు నడిచినన్నాళ్లూ ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లవ్ దొర బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువ మంది మాదిగలు, ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులు. మా పెద్దలూ ఆ నీళ్లలో దిగినవాళ్లే. ఊరు వాళ్లని గడ్డిపోచలా చూసింది. వాళ్ల మనవరాలిని, టెక్సాస్‌లో ఇల్లు కొనుక్కుని, నేను చేస్తున్నదేంటి?

ఇంకోటి కూడా పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయి మా ఇల్లు గడ్డకట్టుకుపోతుంటే, తలుపు తట్టి పిలిచి, రెండు రాత్రులు మా నలుగురినీ తన ఫైర్‌ప్లేస్ ముందు పడుకోబెట్టింది ఆ పక్కింటావిడే.

ఆ రాత్రి ప్రార్థనలో నా వంతు వచ్చింది. ఎప్పుడూ పది నిమిషాలు చేసేదాన్ని. ఆ సుంకరి అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ నోటికి రాలేదు.