రేపల్లె బాబాయి తెచ్చిన రిపోర్టు

ఆదివారం కదా అని పెద్ద పనులేవీ పెట్టుకోలేదు. గుంటూరు వస్తే బ్రాడీపేట ఇంట్లో అమ్మతో కూర్చుని మాట్లాడుకోవడమే నాకు సెలవు. పదింటికి రేపల్లె నుంచి బాబాయి దిగాడు, చేతిలో ఒక కాగితం. చెరువులో వదలబోయే వనామీ రకం రొయ్య పిల్లకి చేయించిన పీసీఆర్ రిపోర్టు అది, అంటే డీఎన్‌ఏని బట్టి క్రిమి ఉందో లేదో చెప్పే పరీక్ష. తెల్లమచ్చ వైరస్ నెగెటివ్, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి పాజిటివ్.

"ఇంకోచోట చేయిస్తే నెగెటివే వస్తుందంటున్నారమ్మా. ఈ పిల్లని చెరువులో వదలమంటావా?"

వద్దన్నాను. కాఫీ చల్లారిపోయేదాకా ఎందుకొద్దో చెప్తూనే ఉన్నాను. తెల్లమచ్చ వస్తే రోజుల్లోనే చెరువు ఖాళీ అయిపోతుంది. 1994-95 ప్రాంతంలో టైగర్ రొయ్య వేసినవాళ్ళు అది కళ్ళారా చూశారు, బాబాయికి నేను చెప్పాల్సిన పని లేదు. ఈహెచ్‌పీ అలా ఒక్కసారిగా చంపదు. రొయ్య జీర్ణగ్రంథి కణాల్లోకి దూరి కూర్చుంటుంది, మేత అయిపోతూనే ఉంటుంది, రొయ్య మాత్రం ఎదగదు. దాని జీనోము, అంటే మొత్తం డీఎన్‌ఏ, చదివినవాళ్ళు 2017లో ఒక సంగతి బయటపెట్టారు: గ్లూకోజును విరిచి శక్తి తీసుకునే జన్యువులనే అది పోగొట్టుకుందట. సొంత పొయ్యి ఆర్పేసి పక్కింటి వంట మీద బతికేవాళ్ళలాగా, రొయ్య కణం తన కోసం చేసుకున్న ఏటీపీని, అంటే కణాలకి శక్తినిచ్చే అణువుని, లాక్కుని బతుకుతుంది. మేతకి పెట్టిన డబ్బు ఎటు పోతోందో అర్థం కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

అంతా విని బాబాయి, "టీబీ ల్యాబ్‌లో కూడా నువ్వు చేసింది ఇదేగా?" అన్నాడు.

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకెంత సంతోషమో! వైద్య పరిశోధన వదిలి సముద్రం వైపు వెళ్తానన్నప్పుడు, డాక్టర్ల మధ్య పనిచేసేదానివి చేపల మధ్యకి పోతావా అని అందరికంటే ఎక్కువ బాధపడింది బాబాయే.

నిజమే, చేసింది చాలావరకు ఇదే. కఫం శాంపిల్‌లో టీబీ క్రిమి ఉందా, ఉంటే దాని ఆర్‌పీఓబీ జన్యువులో మార్పు వచ్చిందా, అంటే టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందా లేదా, ఇదీ అక్కడ రోజూ వెతికేది. జీన్‌ఎక్స్‌పర్ట్ మిషన్ రెండు గంటల్లో చెప్పేస్తుంది, అదే కల్చర్ పెట్టి క్రిమి పెరిగేదాకా చూడాలంటే వారాలు పడుతుంది. టీబీ క్రిమి జీనోము 1998లోనే పూర్తిగా చదివేశారు, 44 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు. మాకు ఏ శాంపిల్ వచ్చినా ఆ ప్రతి పక్కన పెట్టుకుని ఎక్కడ తేడా ఉందో చూసుకుంటే సరిపోయేది.

సముద్రంలో అలా పక్కన పెట్టుకోవడానికి ప్రతి ఉండదు. ఒక్క మిల్లీలీటరు ఉప్పునీళ్ళలో లక్షల బాక్టీరియా ఉంటాయి, వాటిలో చాలావాటిని ల్యాబ్‌లో పెంచలేం. అందుకే నీళ్ళు వడకట్టి, ఫిల్టర్ మీద మిగిలిన డీఎన్‌ఏ అంతా తీసి కలిపి చదివేస్తాం, ఏ ముక్క ఎవరిదో తర్వాత కంప్యూటర్‌లో విడదీసుకుంటాం. టీబీ ల్యాబ్‌లో ఉండగానే క్రెయిగ్ వెంటర్ బృందం 2004లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం చదివాను. వియత్నాంలో నేవీ వైద్య సహాయకుడిగా మొదలుపెట్టి, ఆడ్రినలిన్ రిసెప్టర్ల మీద పనిచేసి, 2000లో మానవ జీనోము ముసాయిదా ప్రకటించినవాళ్ళలో ఒకడైన మనిషి, ఆ తర్వాత సర్గాసో సముద్రపు నీళ్ళు వడకట్టించి 12 లక్షలకు పైగా కొత్త జన్యువులు బయటపెట్టాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చేతిలో ఉన్న పైపెట్, పీసీఆర్ మిషన్, డీఎన్‌ఏ చదివే సీక్వెన్సర్, అన్నీ అవే. నీళ్ళు మాత్రమే వేరు.

ఇప్పటికీ చుట్టాల్లో కొందరికి ఇది మెట్టు దిగడంలాగే కనిపిస్తుంది. నాకలా అనిపించదు. వనామీ జీనోము 2019లో వచ్చింది, అందులో జన్యువులు 25 వేలకు పైనే, మనిషిలో కంటే ఎక్కువ. మన తీరంలో ఎన్ని ఇళ్ళు ఆ రొయ్య మీద బతుకుతున్నాయో నిజాంపట్నం వైపు ఒకసారి వెళ్తే తెలుస్తుంది. దాని జబ్బు గురించి తెలుసుకోవడం మనిషి జబ్బు గురించి తెలుసుకోవడం కంటే తక్కువ పనేం కాదు.

భోజనాలయ్యాక రిపోర్టు వెనకాల బాబాయికి రాసిచ్చాను: ఈ పిల్ల వద్దు. చెరువు బాగా ఎండగట్టి సున్నం వేయండి, ఈహెచ్‌పీ బీజాలు మట్టిలో నిలిచిపోతాయి, పట్టాక మందు లేదు. మళ్ళీ పిల్ల తెచ్చేముందు చెరువు మట్టికి కూడా పీసీఆర్ చేయించండి. ఆయన అక్కడే కూర్చుని హేచరీకి ఫోన్ చేసి ఆర్డర్ రద్దు చేశాడు, అడ్వాన్సు గురించి కాసేపు గట్టిగానే వాదించాడు, సగం వెనక్కి ఇస్తామన్నారట.