అమ్మమ్మ చెయ్యి వదల్లేదు

"ఆగు, ఇప్పుడు చూడు" అంటూ అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. టీవీలో మాయాబజార్, ‘అహ నా పెళ్ళంట’ పాట. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, అయినా ఫోన్ పక్కన పడేసి ముందుకు జరిగి కూర్చున్నా.

సుశీల గొంతు హాయిగా సాగుతుంటే ఉన్నట్టుండి ఘంటసాల గొంతు వచ్చి పడుతుంది కదా, అక్కడ సావిత్రిని చూడాలండీ! అప్పటిదాకా సిగ్గులొలికిన పిల్ల ఒక్కసారిగా ఛాతీ విరుచుకుని, మాయతో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు బయటపడిపోయి, అంతలోనే తమాయించుకుని మళ్ళీ శశిరేఖ అయిపోతుంది. అదే చీర, అదే మొహం. కానీ ఆ రెండు క్షణాలూ నాకు కనిపించింది మాత్రం ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావే. ఒక మనిషి నడకా చూపూ ఇంకో మనిషి ఒంట్లోకి ఇలా ఎలా వస్తాయి అసలు?

1957 నాటి సినిమా. అమ్మమ్మ చిన్నప్పుడు నేల టిక్కెట్టు కొనుక్కుని చూసిందట. ఈ రోజు కూడా పాట అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు, పెదాలు కదుపుతూనే ఉంది.

ఏడున్నరకి తను రోజూ చూసే సీరియల్ మొదలైపోయింది. రిమోట్ పక్కనే ఉన్నా ఛానల్ మార్చమని అడగలేదు.